“మా వాడు చివరికి మార్కర్ అవుతాడా?”

ప్రశ్న: మాది గుంటూరు. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. మా అబ్బాయికి 26 ఏళ్లు. బీటెక్ అయి నాలుగేళ్లయింది. ఇంటర్ నుంచీ స్నూకర్ పిచ్చి. రాష్ట్ర పోటీల దాకా వెళ్లాడు, అంతకు మించి పోలేదు. ఇక ఆట వదిలేసి ఉద్యోగం చూసుకుంటాడనుకున్నాం. ఇప్పుడేమో “ఆడటం కంటే నేర్పడమే నాకు ఇష్టమని తెలిసింది, కోచ్‌ని అవుతా” అంటున్నాడు. సాయంత్రాలు ఎవరెవరి పిల్లలకో ఊరికే నేర్పుతున్నాడు. హైదరాబాద్‌లో డేటా సైన్స్ కోర్సులో చేర్పించమంటారా? వాడికి దాని మీద పెద్ద ఇష్టం లేదు. లేదంటే ఉన్న అర ఎకరం అమ్మి అకాడమీ పెట్టించమంటారా? రెండూ పోల్చి చెప్పండి. సంబంధాలు కూడా చూస్తున్నాం. చివరికి ఏ క్లబ్బులోనో స్కోరు బోర్డు దగ్గర నిలబడే మార్కర్‌గా మిగిలిపోతాడేమోనని భయంగా ఉంది.
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: అయ్యా, మీరు ఫోన్ నంబరు రాశారు కాబట్టి ముందు మీ అబ్బాయితో మాట్లాడాను. పోయిన ఆదివారం వేరే పని మీద విజయవాడ నుంచి గుంటూరు వచ్చాను. అప్పుడు బ్రాడీపేటలో అతను నేర్పే పార్లర్‌కి వెళ్లి గంటసేపు కూర్చున్నాను. చూసిందే రాస్తున్నాను.

మీరు అడిగింది డేటా సైన్సా, అకాడమీయా అని. మీ భయం మాత్రం ఉత్తరం చివరి వాక్యంలో ఉంది. ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా వస్తాయి. ఒకసారి చెస్, ఒకసారి షటిల్, ఎక్కువసార్లు క్రికెట్. ఆట ఏదైనా తల్లిదండ్రుల మనసులో ఉండేది ఒకటే: ఇన్నేళ్లు పోసిన డబ్బు, పోయిన కాలం బూడిదలో పోసిన పన్నీరేనా? రేపు పెళ్లిచూపుల్లో “అబ్బాయి ఏం చేస్తాడండీ” అంటే ఏమని చెప్పాలి? ముందు దాని సంగతి చూద్దాం. పోలిక తర్వాత.

ఆ రోజు మధ్య టేబుల్ దగ్గర పన్నెండు పదమూడేళ్ల పాప ఆడుతోంది. వాళ్ల నాన్న గోడ పక్క కుర్చీలో ఉన్నాడు. పాప కొట్టిన ప్రతి బంతీ పాకెట్ మూతికి తగిలి బయటికే వస్తోంది. బాగా ఆడేవాళ్లు ఇలాంటప్పుడు సాధారణంగా “అట్లా కాదమ్మా, ఇటివ్వు” అని క్యూ (బంతిని కొట్టే కర్ర) తీసుకుని తామే కొట్టి చూపిస్తారు. మీ వాడు టేబుల్ మీది బంతులన్నీ తీయించేశాడు. తెల్లబంతి ఒక్కటే బ్రౌన్ స్పాట్ (బ్రౌన్ రంగు బంతి ఉండే గుర్తు) మీద పెట్టాడు. బ్లూ, పింక్, బ్లాక్ స్పాట్ల మీదుగా తిన్నగా కొట్టాలి, పై కుషన్‌కి, అంటే టేబుల్ అంచుకి, తగిలి వెనక్కొచ్చి మళ్లీ నీ క్యూ టిప్‌కే (మొనకే) తగలాలి అన్నాడు.

పాప కొట్టింది. బంతి జానెడు పక్కగా వచ్చింది.

“ఎటొచ్చింది?”

“కుడికి.”

“ఎందుకొచ్చిందంటావ్?”

పాప ఆలోచనలో పడింది. మీ వాడు నోరు మెదపలేదు. జవాబు తెలిసి కూడా అంతసేపు ఆగడం ఎంత కష్టమో నేర్పిన వాళ్లకి తెలుస్తుంది. చివరికి పాపే అంది, “మధ్యలో తగల్లేదేమో అన్నా” అని. సరిగ్గా అదే. బంతికి మధ్యలో కాకుండా కాస్త కుడి పక్కన క్యూ తగిలితే బంతి పక్కకి గిర్రున తిరుగుతూ పోతుంది. పోయేటప్పుడు అంతగా కనపడదు. కుషన్‌కి తగిలాక కుడికి లాగేస్తుంది. ఆ తర్వాత, కొట్టాక మూడు లెక్కపెట్టేదాకా గడ్డం క్యూ మీంచి ఎత్తొద్దన్నాడు. మళ్లీ, మళ్లీ. తొమ్మిదోసారో పదోసారో బంతి వెనక్కొచ్చి టిప్‌కి టక్కున తగిలింది. పాప వెంటనే వాళ్ల నాన్న వైపు చూసింది. ఆ గంటలో మీ వాడు పాప క్యూని చేతిలోకి తీసుకున్నది ఒక్కసారి, టిప్‌కి చాక్ రాసివ్వడానికి.

మీ యార్డు మాటల్లో చెప్తాను. కొత్త గుమస్తా వస్తే కాయ చూడటం ఎట్లా నేర్పుతారు? తేజా రకం మిర్చి టిక్కీ (బస్తా) విప్పి, గుప్పెడు కాయ చేతిలో పోసి, తేమ ఎంతుంది, తాలు ఎంత కలిసింది, నువ్వే చెప్పు అంటారు. తప్పు చెప్తే ఇంకోసారి నలిపి చూడమంటారు. రేటు కట్టడంలో ఆరితేరిన వ్యాపారులు యార్డులో చాలామంది ఉంటారు. గుమస్తాని తయారుచేసే ఓపిక అందులో ఎంతమందికి ఉందో మీరే లెక్కపెట్టండి.

నేను ఒకసారి ఈ విషయంలో పొరపడ్డాను. కొన్నేళ్ల కిందట రాష్ట్ర స్థాయి పతకాలున్న ఒక ఆటగాణ్ని కోచింగ్ వైపు వెళ్లమని ప్రోత్సహించాను. అతని ఆట చూశాను గానీ నేర్పడం చూడలేదు. రెండు నెలల్లో పిల్లలంతా మానేశారు. అతనిది పుట్టుకతో వచ్చిన చేయి. పిల్లలకి ఎందుకు రావడం లేదో అతనికి అర్థమయ్యేది కాదు, విసుక్కునేవాడు. ఆ కుర్రాడి ఏడాది నా మాట వల్ల పోయింది. అప్పటినుంచి నేర్పడం కళ్లారా చూడకుండా ఎవరికీ ఈ సలహా ఇవ్వడం లేదు.

మీ వాడు నాతో ఒక మాట అన్నాడు. స్నూకర్‌లో ఒక విడతలో వరసగా కొట్టిన పాయింట్లని బ్రేక్ అంటారు, మామూలుగా దాని గరిష్ఠం 147. పోటీల్లో అతని అత్యధిక బ్రేక్ 84. “ఎందుకు 84 దగ్గర ఆగిపోయానో నాకు తెలుసండీ. ఒత్తిడి వస్తే వెనక చెయ్యి బిగుసుకుంటుంది. అది తెలిసేసరికి నాకు 24 ఏళ్లొచ్చాయి. పదమూడేళ్ల పిల్లలకి ఇప్పుడే చెప్పొచ్చు కదా” అన్నాడు. మీరు దండగయ్యాయనుకుంటున్న తొమ్మిదేళ్లలో అతను సంపాదించుకున్నది ఇదే. దీన్ని ఏ కోర్సూ ఇవ్వలేదు.

ఇక ఆ మార్కర్ అనే మాట. చదివినప్పుడు నాకు కోపం వచ్చింది, దాచుకోను. పాత క్లబ్బుల్లో స్కోరు బోర్డు మీద అంకెలు జరిపేవాడు, బంతులు తుడిచి స్పాట్ల మీద పెట్టేవాడు మార్కర్. మెంబర్లు రాని మధ్యాహ్నాల్లో తనూ ఆడి, ఆట ఒంటబట్టించుకుని, మెంబర్ల పిల్లలకి క్యూ పట్టుకోవడం నేర్పిన మార్కర్లు ఉన్నారు. చాలీచాలని జీతం, గోడ మీద ఫొటో కూడా ఉండదు. ఒకరి కష్టాన్ని మీ పిల్లాడిని భయపెట్టే మాటగా వాడకండి. మీ ఇంట్లో ఆ మాట భోజనాల దగ్గర ఎన్నిసార్లు వినపడిందో అతని గొంతులో తెలిసింది.

నేర్పేవాడికి ఈ ఆటలో గౌరవం లేదనుకోకండి. స్నూకర్ టేబుల్ మీదే ఆడే బిలియర్డ్స్‌లో 1958లో ప్రపంచ అమెచ్యూర్ టైటిల్ గెలిచిన విల్సన్ జోన్స్, వ్యక్తిగత క్రీడలో ప్రపంచ చాంపియన్ అయిన మొదటి భారతీయుడు. 1964లో మళ్లీ గెలిచాడు. ఆట ముగించాక కొత్తవాళ్లని దిద్దే పనిలో పడ్డాడు. 1996లో కోచ్‌లకి ఇచ్చే ద్రోణాచార్య పురస్కారం వచ్చింది. బెంగళూరులో ప్రపంచ చాంపియన్ పంకజ్ అద్వానీని చిన్నప్పటినుంచి తీర్చిదిద్దిన అరవింద్ సవూర్ కూడా ముందు ఆటగాడే, ఆయనకీ ద్రోణాచార్య ఉంది. అంత దూరం ఎందుకు, మన పక్కనే కోనేరు హంపి లేదూ! వాళ్ల నాన్న అశోక్ గారు అధ్యాపక ఉద్యోగం వదులుకుని కూతురికి కోచ్ అయ్యారు. 2002లో ఆ అమ్మాయి 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయింది. మీ వాడు అంత ఎత్తుకి వెళ్తాడని నేను మాటివ్వడం లేదు. ఆడటం ఆపి నేర్పడానికి కూర్చున్నవాణ్ని ఓడిపోయినవాడి కింద లెక్కకట్టొద్దంటున్నాను.

ఇప్పుడు అర ఎకరం సంగతి. అమ్మొద్దు. ఇంకో మాట లేదు.

ఈ మధ్య ఇదొక ఫ్యాషన్ అయింది. పిల్లాడికి దేని మీదన్నా ఇష్టం ఉందంటే చాలు, “అకాడమీ పెట్టిస్తా” అంటున్నారు. ఫోన్ తెరిస్తే ‘ప్యాషన్‌ని బిజినెస్‌గా మార్చుకో’ అని ఎవరో ఒకరు ఉపన్యాసం. రోడ్డు పక్క ఖాళీ స్థలాల్లో బాక్స్ క్రికెట్ నెట్లు, షెడ్డుల్లో షటిల్ కోర్టులు, ఇప్పుడు రంగు లైట్ల స్నూకర్ లాంజ్‌లు. పిల్లలకి నేర్పాలన్న కోరికకీ, నాలుగు టేబుళ్ల పార్లర్ నడపడానికీ సంబంధం చాలా తక్కువ. పార్లర్ నడిపేవాడి రోజంతా అద్దె, కరెంటు బిల్లు, ఏసీ రిపేరు, రాత్రి పదకొండింటికి బాకీ ఎగ్గొట్టే కుర్రాళ్లతో వాదన. మీ వాడికి అందులో ఏది ఇష్టమని పెట్టిస్తారు?

లెక్క చూడండి. పెద్ద టేబుల్ 12 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు. క్యూ కాస్త అటూ ఇటుగా 5 అడుగులు. దాన్ని వెనక్కి లాగి కొట్టడానికి నాలుగు వైపులా అంత జాగా వదలాలి. అంటే ఒక్క టేబుల్‌కి 22 బై 16 గది. గుడ్డ కింద పరిచేది రాతి పలకలు. టేబుల్ మొత్తం బరువు టన్ను దాటుతుంది. మేడ మీద అద్దె తక్కువని తొందరపడితే శ్లాబు ఏమంటుందో ఇంజనీరుని అడగాలి. కొత్త టేబుల్ ఖరీదు లక్షల్లో మాట. ఆ పైన మన ఉక్క ఒకటి. గుడ్డకి తేమ పట్టిందంటే బంతి బరువెక్కినట్టు నడుస్తుంది. పెద్ద పోటీల్లో టేబుల్ అడుగున హీటర్లు పెట్టి మరీ గుడ్డని పొడిగా ఉంచుతారు. గుంటూరులో వానాకాలం ఆ పని ఏసీయే చేయాలి, బిల్లు మీరే కట్టాలి. గుడ్డ అరిగితే మార్చాలి, చేయి తిరిగిన ఫిట్టర్‌ని బయటి ఊరి నుంచి పిలిపించాల్సి రావచ్చు.

సరే, పెట్టారు. నేర్చుకోవడానికి ఎవరొస్తారు? మన గుంటూరు, విజయవాడల్లో ఎనిమిదో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్. ఇంటర్ పిల్లలు హాస్టల్ గేటు లోపల. ఏప్రిల్, మేలో సమ్మర్ క్యాంపు అంటే కిటకిటలాడుతుంది, జూన్‌లో బళ్లు తెరిచారంటే బోసిపోతుంది. మిగిలిన పది నెలలు నేర్చుకునేవాళ్ల ఫీజుతో అద్దె కట్టడం కష్టం. అప్పుడు టేబుళ్లు గంటల లెక్కన ఇవ్వక తప్పదు. ఓడినవాడు టేబుల్ డబ్బులు కట్టే పద్ధతి ఎలాగూ ఉంది. దాని మీద చిన్న పందెం, తర్వాత పెద్ద పందెం, మూల సిగరెట్లు. ఆ పాప నాన్న ఇక ఆ చోటికి కూతుర్ని తీసుకొస్తాడా? ఇదంతా నా దగ్గరికి వచ్చిన ఒక కుటుంబంలోనే జరిగింది. కుర్రాడు మంచివాడు, నిజంగా నేర్పాలనే పెట్టాడు. రెండేళ్లు తిరక్కుండానే టేబుళ్లు అమ్ముకున్నాడు. అప్పు మిగిలింది. అతను ఇప్పుడు క్యూ ముట్టుకోడు, నాకు బాధ కలిగించేది అదే.

డేటా సైన్స్ గురించి రెండు మాటలు చాలు. ఇష్టం ఉండి లెక్కలతో, కోడ్‌తో కుస్తీ పట్టేవాళ్లకి అందులో దారి ఉంది. మీ వాడికి ఇష్టం లేదని మీరే రాశారు. నాలుగేళ్ల ఖాళీ ఉన్న బీటెక్ కుర్రాడు మనసు లేకుండా ఆర్నెల్ల సర్టిఫికెట్ తెచ్చుకుంటే ఇంటర్వ్యూలో మొదటి పది నిమిషాల్లోనే తెలిసిపోతుంది. ఫీజు, అమీర్‌పేట హాస్టల్ ఖర్చు పోగా మీకు మిగిలేది “మా వాడు హైదరాబాద్‌లో ఉన్నాడు” అని చెప్పుకునే వీలు. దానికోసం అయితే పంపకండి.

మరి ఏం చేయాలి? ఒక ఏడాది పెట్టుకోండి. పగలు మీ కొట్లో లెక్కలు చూడమనండి. జీతం ఇవ్వండి, చేతిఖర్చులు కాదు, బయటి గుమస్తాకి ఇచ్చినట్టే నెలాఖరున లెక్కగా. సాయంత్రాలు, ఆదివారాలు అతనివి. ఉచితంగా నేర్పడం మాత్రం ఈ నెలతోనే ఆపాలి. ఇది అతనికీ గట్టిగా చెప్పాను. నాలుగువేళ్లూ నోట్లోకి పోవాలంటే ఫీజు అడగడం నేర్చుకోవాలి, అడిగాక కూడా ఎంతమంది పిల్లలు ఉంటారో చూసుకోవాలి. పార్లర్ యజమానితో రద్దీ లేని గంటలకి తక్కువ రేటు మాట్లాడుకుని, కాగితం మీద రాసుకోవాలి. ఆ గంటల్లో ఆ టేబుళ్ల దగ్గర సిగరెట్టు ఉండకూడదు, పందెం ఉండకూడదు, పిల్లల తల్లిదండ్రులు ఎప్పుడైనా వచ్చి కూర్చోవచ్చు. ఆదివారం చూసినంతవరకు ఇప్పటికే అలా నడుపుతున్నాడు, రాతలో ఉంటే ఇంకా మంచిది.

నేర్పడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే. అథ్లెటిక్స్‌కో వాలీబాల్‌కో అయితే పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ (ఎన్ఐఎస్) కోచింగ్ డిప్లొమా అని నలిగిన దారి ఉంది. స్నూకర్‌కి అంత తిన్నటి దారి లేదు. వృత్తి ఆటగాళ్ల ప్రపంచ సంఘం డబ్ల్యూపీబీఎస్ఏ కోచ్‌లకి అంచెలవారీగా అర్హతలిస్తుంది. మన జాతీయ సమాఖ్య బీఎస్ఎఫ్ఐ, రాష్ట్ర సంఘం ఎప్పుడు ఏ కోచింగ్ శిబిరం, రిఫరీ పరీక్ష పెడుతున్నాయో కనిపెట్టుకుని ఉండాలి. వీటన్నిటికంటే ముందు, ఏడాదిలో రెండు నెలలు బెంగళూరు పంపండి. కర్ణాటక రాష్ట్ర బిలియర్డ్స్ సంఘం ఉన్న ఊరది, పాత కోచ్‌లు ఉన్న ఊరు. ఎవరైనా పెద్దాయన దగ్గర బంతులు సర్దుతూ నిలబడినా సరే, ఆయన ఏ పిల్లాడికి ఏ మాట ఎప్పుడు చెప్తున్నాడో చూస్తే చాలు. అర ఎకరంతో పోలిస్తే ఆ ఖర్చు ఏపాటి!

సర్కారు కోచ్ పోస్టు మీద ఆశ పెట్టుకోకండి. ఈ ఆట ఒలింపిక్స్‌లో లేదు. ఆసియా క్రీడల్లో 1998 నుంచి 2010 దాకా ఉంది, పంకజ్ అద్వానీ 2006లోనూ 2010లోనూ బంగారం తెచ్చాడు, ఆ తర్వాత తీసేశారు. పతకాలు లేని చోట ప్రభుత్వం డబ్బు పెట్టదు. కేంద్ర ఉద్యోగాల స్పోర్ట్స్ కోటా జాబితాలో బిలియర్డ్స్, స్నూకర్ ఉన్నాయి గానీ అది ఆటగాళ్లకి, అదీ జాతీయ స్థాయి వాళ్లకి. వెనక ఒక ఆధారం ఉండాలనుకుంటే బీపీఎడ్ (వ్యాయామ విద్య డిగ్రీ) ఆలోచించండి. దానికి పీఈసెట్ అనే ప్రవేశ పరీక్ష ఉంటుంది. అందులో మీ వాడి స్నూకర్ సర్టిఫికెట్లు పనికొస్తాయో లేదో నోటిఫికేషన్ వచ్చినప్పుడు నిబంధనలు చదువుకోండి. నాగార్జున యూనివర్సిటీ మీ ఊరికీ మా ఊరికీ మధ్యలోనే ఉంది. రెండేళ్లలో బడిలో పీఈటీగా నిలబడే వీలుంటుంది, పిల్లల శరీరం గురించి నేర్చుకున్నది టేబుల్ దగ్గరా పనికొస్తుంది.

క్యూ టిప్ మార్చడం, గుడ్డ బిగించడం లాంటి పనులు కూడా నేర్చుకోమన్నాను. కోచింగ్ పల్చబడిన నెలల్లో అవే ఆదుకుంటాయి.

సంబంధాల మాటకొస్తే, ఈ ఏడాది ఆపండి. నెలకి ఎంతొస్తుందో తెలియకుండా ఇంకొకరి ఆడపిల్లని తీసుకురావడం ధర్మం కాదు, ఈ విషయంలో నేను మీ అబ్బాయి పక్షాన లేను. అయితే ఎవరన్నా అడిగితే “ఖాళీగా ఉన్నాడు” అని చెప్తున్నారట. అది మానేయండి. “స్నూకర్ కోచ్, మా కొట్లో కూడా చూస్తాడు” అని చెప్పండి. అబద్ధమేమీ లేదు అందులో.

చివరిగా ఒకటి అడగాలి. నన్ను అడిగేముందు మీరు ఒక్కసారైనా వెళ్లి చూశారా? తొమ్మిదేళ్లలో మీరు ఆ పార్లర్ మెట్లెక్కింది ఒకే ఒక్కసారని మీ వాడు చెప్పాడు. అదీ అతన్ని చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోవడానికి. నెల్లాళ్ల కిందట పరిచయమైన పాప నాన్న ప్రతి ఆదివారం వచ్చి కూర్చుంటున్నాడు. కన్నతండ్రి మీరు రాలేదు. కాయ చేతిలోకి తీసుకోకుండా మీరు ఏనాడైనా రేటు కట్టారా?

ఆదివారం యార్డు ఉండదు కదా. ఉదయం పదింటికి వెళ్లండి. గోడ పక్కన రెండు కుర్చీలున్నాయి, రెండోది ఖాళీగానే ఉంటుంది. గంటసేపు ఏమీ మాట్లాడకుండా చూడండి. పాపకి ఏమేం వచ్చిందో వాళ్ల నాన్ననే అడగండి. ఆ సాయంత్రం నాకు ఫోన్ చేయండి, జీతం ఎంత ఇవ్వాలో ముగ్గురం మాట్లాడుకుందాం. పొలం కాగితాలు మాత్రం బీరువాలోంచి తీయకండి.